మూడో పిలుపు

మా పిన్ని నిద్ర లేవగానే చేసే మొదటి పని గోరువెచ్చని ఉప్పునీళ్ళతో గొంతు పుక్కిలించడం. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, గుడగుడమంటూ చాలాసేపు పుక్కిలిస్తుంది. జలుబున్నా లేకపోయినా, డ్యూటీ ఉన్నా సెలవైనా అది మాత్రం తప్పదు. తర్వాత "ఆ..." అని ఒకసారి గొంతు సవరించి చూసుకుంటుంది. సరిగ్గా పలికిందనిపిస్తేనే టీకి నీళ్ళు పెడుతుంది. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటే నాకు నవ్వొచ్చేది. ఆవిడకి జీతం వచ్చేది ఆ గొంతుకేనని పెద్దయ్యాక తెలిసింది.

పిన్ని బస్టాండులో అనౌన్సరు. ప్లాట్‌ఫారాల మధ్యలో మూడు వైపులా అద్దాలున్న చిన్న గది ఆవిడది. ఒక బల్ల, ఒక కుర్చీ, గుడ్డ చుట్టిన మైకు, తల మీద ఫ్యాను. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుంది కాబట్టి మాట్లాడే ముందు కట్టేయాలి, మాట్లాడాక వేసుకోవాలి. ఎండాకాలం రద్దీ రోజుల్లో రెక్కలు వేగం అందుకునేలోపే మళ్ళీ కట్టేయాల్సి వచ్చేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ ఒంటి మీది బట్టలు పిండితే నీళ్ళు కారేలా ఉండేవి.

ఆ బస్టాండులో ఒక పద్ధతి ఉంది. ఏ రూల్సులోనూ రాసి లేదు గానీ అందరూ దానికి కట్టుబడి ఉంటారు. దూరం వెళ్ళే ప్రతి బస్సుకీ మూడు పిలుపులు. మొదటి పిలుపుతో బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో తెలుస్తుంది. రెండో పిలుపుకి డ్రైవరు ఇంజను స్టార్టు చేస్తాడు. మూడో పిలుపు వినబడేదాకా గేరు వేయడు. బోర్డు మీద రాసిన టైము పేరుకే. అసలు టైము పిన్ని నోట్లో ఉండేది. రెండో పిలుపు అయ్యాక ఆవిడ అద్దాల్లోంచి నాలుగు పక్కలా చూసేది. ఎవరైనా సామాన్లతో ఆయాసపడుతూ వస్తుంటే మూడో పిలుపు ఆపేది.

"అక్కా, నీ మూడో పిలుపు కోసం చూసి చూసి మా డ్రైవర్లకి జుట్టు నెరిసిపోతోంది" అనేవాడు కంట్రోలరు, అద్దం మీద తాళంచెవితో టకటకా కొట్టి.

"నెరిస్తే రంగేసుకోమను. ఆ ముసలాయన ఇంకా బాత్రూములోంచి రాలేదు" అనేది పిన్ని. ముసలాయన వచ్చి, మెట్టెక్కి, లోపల ఏదో ఒక కడ్డీ పట్టుకున్నాకే మైకు దగ్గరికి వంగేది.

బాబాయి ఫర్నిచర్ షాపులో సేల్స్‌మన్. కుర్చీ కోసం వచ్చిన మనిషి చేత మంచం కొనిపించి, మంచానికి పరుపు కూడా అంటగట్టి, "మీలాంటి వాళ్ళు అరుదండీ" అని సాగనంపగలడు. ఆయనుంటే ఇంట్లో నవ్వులే నవ్వులు. ఆయనకో అలవాటుంది. ఇద్దరూ కలిసి బజారుకెళ్తే ముందు నడిచిపోతాడు. వెనక్కి తిరిగి చూడడు. పిన్ని ఏ దుకాణం ముందైనా ఆగితే అంతే, ఆయన జనంలో కలిసిపోతాడు. ఆవిడ వెతుక్కుంటూ వెళ్తే, స్కూటరు దగ్గర మొహం మాడ్చుకుని నిలబడి, "ఎక్కడ చచ్చావ్ ఇంతసేపు?" అంటాడు. వాళ్ళకి పిల్లలు లేరు. అందుకే నేను సగం వాళ్ళింట్లో పెరిగాను. ఎన్నోసార్లు పిన్నితో పాటు నేనూ అలా వెనకబడి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఆయన్ని వెతికాను.

ఓడ ప్రయాణం మాట తెచ్చింది బాబాయే. షాపుకొచ్చిన ఒకాయన ట్రావెల్స్‌లో పనిచేస్తాడట. సీజను కాదు, ఓడ సగం ఖాళీగా పోతోంది, అడుగు అంతస్తులో గదులు చాలా తక్కువకి ఇస్తున్నారని ఆయన చెప్పాడు. బాబాయి దాన్ని ఇంకా తగ్గించి బేరమాడి, రంగురంగుల కాగితం ఒకటి పట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు.

"చూశావా వదినా, తిండి ఫ్రీ, గది ఫ్రీ, పాటలు ఫ్రీ, సముద్రం ఫ్రీ."

"అన్నీ ఫ్రీ అయితే మరి డబ్బులు దేనికి మరిదిగారూ?" అంది అమ్మ.

"ఎక్కడానికి."

"దిగడానికి కూడా ఏమైనా తీసుకుంటారేమో కనుక్కోండి ముందు."

అందరం నవ్వాం. పిన్ని మాత్రం ఆ కాగితం మీది ఓడ బొమ్మను చాలాసేపు చూసింది. ఆవిడ ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు. రోజూ ఎన్నో ఊళ్ళ పేర్లు చదువుతుంది, వాటిలో చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సెలవు దొరికితే బస్సెక్కాలని ఆవిడకి అనిపించదు. "బస్సంటే నాకు డ్యూటీ. నేను పిలవక్కర్లేని బండి ఏదైనా ఉంటే ఎక్కాలనుంది" అని ఒకసారి నాతో అంది. ఓడలో ఆ పని వేరే వాళ్ళు చూసుకుంటారు.

"నాదొక్కటే షరతు" అంది బాబాయితో. "అక్కడ నన్ను వదిలేసి ముందుకెళ్ళిపోకూడదు. తెలియని ఊళ్ళు. నాకు భయం."

"వదిలేస్తే నువ్వు మైకులో పిలువు, పరిగెత్తుకొస్తా."

"హాస్యం కాదండీ."

"సరే తల్లీ, వదలను. చేతికి తాడు కట్టుకుని తిప్పుతా, సరేనా?" అన్నాడు బాబాయి. పిన్ని నవ్వింది. ఆ నెలంతా ఆవిడ మనసు మనసులో లేదు. వాంతులకి మాత్రలు కొంది. బట్టలారేసుకోవడానికి తాడు, క్లిప్పులు కొంది. చలేస్తుందేమోనని మా అమ్మ స్వెట్టరు అడిగి తీసుకుంది. నీళ్ళలో పడితే ఏం చేయాలని కంట్రోలరుని అడిగింది. "కేకెయ్యక్కా. నీ గొంతుకి పక్క దేశం వాళ్ళు కూడా వస్తారు" అన్నాడట అతను.

ఓడ విషయాలన్నీ పిన్ని నాకు ఒకేసారి చెప్పలేదు. బట్టలు మడత పెడుతూ కొంత, కూరగాయలు తరుగుతూ కొంత చెప్పింది. నేను వాటిని వరసలో పెట్టుకున్నాను.

గది ఎంత ఇరుకంటే, ఒకరు అటూ ఇటూ కదలాలంటే రెండోవారు మంచం మీదికి కాళ్ళు తీసుకోవాలి. తలగడ వైపు గోడకి చక్కటి తెర వేలాడుతోంది. పిన్ని సంబరంగా వెళ్ళి తెర లాగితే వెనక కిటికీ లేదు, గోడే ఉంది. "కిటికీ ఉందనుకుంటే ఉన్నట్టే. అందుకేగా చవక" అన్నాడు బాబాయి. అది నిజమేనని పిన్ని కూడా ఒప్పుకుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అది చాలు. పడుకోవడానికే కదా గది, మిగతా పొద్దంతా పైన ఉండొచ్చు.

ఓడ బయలుదేరేటప్పుడు ఇద్దరూ పైకెక్కి కటకటాల దగ్గర నిలబడ్డారు. కింద బ్యాండు వాయిస్తున్నారు. ఓడ ఒకసారి పెద్దగా కూత పెట్టింది. కాసేపాగి రెండోసారి. ఇంకాసేపాగి మూడోసారి. అప్పుడు మెల్లగా గట్టు కదిలినట్టనిపించింది.

"చూశారా, ఇక్కడా మూడే" అంది పిన్ని.

"మీ డిపో వాళ్ళదేనేమో ఓడ" అన్నాడు బాబాయి.

తనకి తెలిసిన పద్ధతి ఒకటి అక్కడ కూడా కనబడినందుకు ఆవిడకి ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం గురించి నాతో చాలాసార్లు చెప్పింది.

బాబాయి భోజనాల హాలుని షాపులా చూశాడు. పొద్దున తలుపు తీసేసరికే వరసలో ముందుండేవాడు. పళ్ళెంలో కొండలా పెట్టుకుని, "కట్టిందంతా రాబట్టాలి" అంటూ తినేవాడు. పళ్ళరసానికి డబ్బులు విడిగా తీసుకుంటారని తెలిసి, గుడ్లప్పగించి, తెచ్చిన గ్లాసు మళ్ళీ కౌంటరు మీద పెట్టేశాడు. ఫొటోలు తీసే అమ్మాయి కెమెరా ఎత్తితే మొహానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు, తీస్తే కొనాలేమోనని. ఇవన్నీ చూసి పిన్ని నవ్వుకునేది. ఆయన మీద కోపం లేదు. ఒక సాయంత్రం ఆవిడ పైన ఒక్కతే నిలబడి నీళ్ళు చూస్తుంటే, బాబాయి వెతుక్కుంటూ వచ్చి, జేబులోంచి కాగితంలో చుట్టిన రొట్టె తీశాడు. మధ్యలో వెన్న రాసి ఉంది. "నీకోసం పట్టుకొచ్చా. ఎవరూ చూడకుండా తిను" అన్నాడు. ఇద్దరూ దొంగల్లా సగం సగం తిన్నారు. పెళ్ళయ్యాక అంత సుఖంగా నిలబడిన సాయంత్రం ఇంకోటి గుర్తు లేదంది పిన్ని. ఇది కూడా చెప్పింది కాబట్టే మిగతాదంతా నేను నమ్మాను.

మూడో రోజు ఓడ ఒక చిన్న రేవులో ఆగింది. అందరూ మధ్యాహ్నం ఫలానా వేళకి వెనక్కి రావాలని మైకులో చెప్పారు. పిన్ని విన్నది. వింటూనే మనసులో దానికి ఇంకాస్త కలిపేసుకుంది. బోర్డు మీది టైము పేరుకేనని ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

వాళ్ళు దిగి, వీధులు తిరిగి, ఒక గోడ పక్కన సముద్రం కనబడేలా వేసిన బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికే బాబాయి లేచాడు.

"పద, భోజనాలు పెట్టేసుంటారు."

"ఇక్కడే ఏమైనా కొనుక్కుని తిందామండీ. ఎంత బాగుందో చూడండి."

"అక్కడ వడ్డించి పెడుతుంటే ఇక్కడ కొనుక్కుతినడమా? మతుండే మాట్లాడుతున్నావా?"

పిన్నికి లేవాలనిపించలేదు. "అయితే మీరెళ్ళి తినేయండి. నేను కాసేపు కూర్చుని వస్తా."

"దారి తెలుసా?"

"ఓడ కనబడుతూనే ఉందిగా."

బాబాయి వెళ్ళిపోయాడు. ఆయన మూల తిరిగేదాకా పిన్ని చూసింది. ఆయన మామూలుగానే వెనక్కి చూడలేదు.

ఆవిడ చెప్పులు విప్పి, కాళ్ళు గోడ మీద పెట్టుకుంది. పళ్ళు కోసి అమ్మేవాడి దగ్గర కొన్ని ముక్కలు కొనుక్కుంది. ఎవరినీ పిలవక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఎంతసేపు కూర్చుందో ఆవిడకే తెలియదు. ఓడ ఒకసారి కూత పెట్టింది. 'ఒకటి' అనుకుంది పిన్ని. తొందరేం పడలేదు. చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుని, మిగిలిన పళ్ళముక్కలు బాబాయి కోసం కాగితంలో కట్టించుకుని బయలుదేరింది. దారిలో రెండో కూత కోసం ఒక చెవి అటే వేసి ఉంచింది. అది వినబడలేదు. వినబడకపోతే ఇంకా టైముందనే కదా అర్థం. చెమట పట్టకుండా నడిచింది.

గేటు దాటి రేవులోకి వచ్చేసరికి ఓడ మెట్లు లేవు. ఓడకీ గట్టుకీ మధ్య నీళ్ళు కనబడుతున్నాయి, ఒక బస్సు వెడల్పున. ఇంకాస్త పెరుగుతున్నాయి. తెల్ల టోపీ పెట్టుకున్న రేవు ఉద్యోగి ఒకతను గట్టు మీద నిలబడి ఉన్నాడు. అతని కాళ్ళ దగ్గర పిన్ని సంచి ఉంది.

అతను ఆవిడ మెడలో వేలాడే ఓడ కార్డు చూసి తలాడించాడు. "మీరేనామ్మా? మీకోసం ఎంత చూశామో! ఈ చిన్న రేవులో ఓడ ఒక్కసారే కూస్తుంది. ఓడలో మీ పేరు మూడుసార్లు పిలిచారమ్మా."

"ఓడలోనా?"

"అవును. అన్ని అంతస్తుల్లోనూ వినబడేలా పిలిచారు. మీరు లోపలే ఎక్కడైనా ఉన్నారేమోనని."

పిన్ని పేరు మైకులో పిలవడం అదే మొదటిసారి. విన్నది బాబాయి.

"మరి మా ఆయన?"

"ఆయనే వచ్చి ఈ సంచి ఇచ్చారు. మీ గుర్తింపు కాగితాలు, బట్టలు అన్నీ అందులో ఉన్నాయట."

"ఆయన దిగలేదా?"

అతను టోపీ తీసి తల గోక్కున్నాడు. "అడిగామమ్మా. మెట్లు తీసేస్తున్నాం, మీరూ దిగుతారా అని అడిగాం. అక్కర్లేదన్నారు. మీరు బస్సుల్లోనే పని చేస్తారట కదా, ఆవిడకి బస్సుల సంగతి బాగా తెలుసు, వచ్చేస్తుందన్నారు. నిజమేలెండి, తర్వాతి రేవుకి రోడ్డు మీద వెళ్తే మీరే ముందు చేరతారు. రేపు పొద్దున అక్కడ ఎక్కేయొచ్చు."

పిన్ని తలెత్తి చూసింది. కటకటాల దగ్గర జనంలో బాబాయి కనబడ్డాడు. చెయ్యి ఊపాడు. తర్వాత ఆ చేతినే పక్కకి తిప్పి, రోడ్డు అటు ఉంది, అటు వెళ్ళు అన్నట్టు చూపించాడు. పిన్ని చెయ్యి ఎత్తలేదు. చేతిలో పళ్ళముక్కల పొట్లం ఉంది.

బస్టాండు అక్కడికి దగ్గరే. బెంచీ మీద కూర్చుని సంచి తెరిచింది. బాబాయి సర్దిన సంచి అని చెప్పక్కర్లేదు. షాపులో సామాన్లు కట్టినట్టే ప్రతి ప్లాస్టిక్ సంచికీ అడ్డంగా ఒక ముడి, నిలువుగా ఒక ముడి. ఉతికిన బట్టలు వేరు, విడిచినవి వేరు. చెప్పుల జత కాగితంలో చుట్టి అడుగున పెట్టాడు. వాంతుల మాత్రలు పైనే, చేతికందేలా. అమ్మ స్వెట్టరు మడత నలగకుండా. దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు కూడా తీసి శుభ్రం చేసి పెట్టాడు.

"ఆ దువ్వెన చూసేదాకా నేను ఆయన్ని ఏమీ అనుకోలేదే" అంది పిన్ని నాతో. "కంగారులో ఏదో చేసుంటాడులే అనుకున్నా. దువ్వెన శుభ్రం చేసేంత టైముంది ఆయనకి."

ఆ బస్టాండులోనూ అదే పద్ధతి. పిలిచే అమ్మాయి గొంతు కీచుగా ఉంది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఇంకా రాలేదు. తర్వాతి రేవుకెళ్ళే బస్సు ఎదురుగానే ఆగి ఉంది. మొదటి పిలుపు అయింది. రెండోది అయింది, ఇంజను మొదలైంది. కండక్టరు మెట్టు మీద నిలబడి పిన్ని వైపు చూశాడు, వస్తారా అన్నట్టు. మూడో పిలుపు కూడా అయింది. పిన్ని కదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది. అప్పుడు లేచి, మా ఊరొచ్చే బస్సెక్కింది. దారిలో పళ్ళముక్కలు తానే తినేసింది.

మర్నాడు పొద్దున మా ఇంటి తలుపు తట్టేసరికి అమ్మ నోరు తెరిచేసింది.

"ఏమే, ఓడ మునిగిందా?"

"లేదక్కా. బాగానే వెళ్తోంది."

పిన్ని జరిగింది చెప్పింది. అమ్మ పిన్నికి టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని అంతా వింది. చెల్లెలి పక్షాన ఒక మాట అంటుందేమోనని నేను చూశాను.

"అతను మాత్రం ఏం చేస్తాడే? డబ్బు కట్టేశారు కదా. నువ్వు టైముకి రాకపోతే అతని తప్పా?" అంది అమ్మ. "పైగా సంచి కూడా సర్ది పంపించాడు. మీ బావైతే అదీ పంపేవాడు కాదు."

పిన్ని టీ తాగేసి, గ్లాసు కడిగి బోర్లించి, డ్యూటీకి వెళ్ళిపోయింది. ఇంకా సెలవు ఉంది కదక్కా అన్నాడట కంట్రోలరు. ఓడ నచ్చలేదంది.

బాబాయి ప్రయాణం పూర్తి చేసుకుని, ఎండకి కమిలిన మొహంతో వచ్చాడు. వస్తూనే కోపం.

"తర్వాతి రేవులో ఎందుకెక్కలేదు? నీకోసం చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి."

"దిగి చూశారా?"

"పైనుంచి చూశా. అక్కడి నుంచి అన్నీ కనబడతాయి." సంచిలోంచి చిన్న చిన్న సబ్బులు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో, నీ వాటా కూడా తెచ్చా. నీ భోజనాలు మాత్రం నేను తినలేకపోయా. ఒక్క మనిషి ఎంతని తింటాడు?"

ఆ తర్వాత ఈ కథ బాబాయి నోట్లో పడింది. ఆయన చెప్తే ఎవరైనా నవ్వాల్సిందే. పిన్ని బెంచీ మీద కాళ్ళు చాపుకుని పళ్ళు తినడం, ఓడ కదిలిపోవడం, ఆవిడ గట్టు మీద పొట్లం పట్టుకుని గుడ్లప్పగించడం, అన్నీ అభినయించి చూపించేవాడు. "లోకమంతటినీ బస్సెక్కించే మనిషి, ఓడెక్కడం మర్చిపోయింది!" అనేవాడు చివర్లో. చుట్టాల్లో ఆవిడకి 'రేవు రాణి' అని పేరు స్థిరపడింది. ఫోన్లో పిల్లలు కూడా "రేవు రాణిగారున్నారా?" అని అడిగేవాళ్ళు. ఆ కథలో సంచి ఉండేది కాదు. దిగుతారా అని అడిగిన మనిషి ఉండేవాడు కాదు. పిన్ని కూడా ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ మర్చిపోయినట్టే ఉంది.

మా బంధువుల పెళ్ళి విందులో మేమంతా ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు కొత్తవాళ్ళు, అందుకని బాబాయి కథ మొదట్నుంచీ మొదలెట్టాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. పిన్ని తల వంచుకుని తింటోంది. నవ్వులు తగ్గాక మా నాన్న ఉన్నట్టుండి అడిగాడు.

"అది సరే తమ్ముడూ, నువ్వెందుకు దిగలేదు?"

"ఎక్కడ అన్నయ్యా, తెలిసేలోపే మెట్లు తీసేశారు!"

పిన్ని చెంచా పళ్ళెంలో పెట్టింది. "అడిగారు" అంది. గొంతు పెంచలేదు, కానీ బల్ల చివరిదాకా వినబడింది. "మీరూ దిగుతారా అని అడిగారు. నా పేరు మూడుసార్లు పిలిచారు. ఆయన కిందికెళ్ళి నా సంచి సర్దారు. దువ్వెనలో వెంట్రుకలు కూడా తీశారు. అప్పటిదాకా మెట్లున్నాయి."

బాబాయి మొహంలో నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అలాగే ఉంది. తర్వాత, షాపులో బేరం కుదరనప్పుడు వాడే మెత్తటి గొంతుతో అన్నాడు.

"మరి దిగితే ఇద్దరిదీ పోయేది కదా. ఒక్కళ్ళదైనా దక్కిందా లేదా? మీరే చెప్పండి."

పెళ్ళికొడుకు వాళ్ళ పెద్దాయన తలాడించాడు. "ఆయనన్నదీ నిజమేనమ్మా. ఇద్దరూ నష్టపోవడం దేనికి?" అన్నాడు. ఇంకొకావిడ, "మగాడు కాబట్టి ఆ మాత్రం ఆలోచించాడు. నేనైతే ఏడ్చుకుంటూ దిగిపోయేదాన్ని" అంది. మళ్ళీ నవ్వులు. మా నాన్న మంచినీళ్ళు అందుకున్నాడు. అమ్మ పిన్ని మోచేతిని మెల్లగా నొక్కింది, ఇక చాలు అన్నట్టు. అందరికీ అది సబబుగానే తోచింది. పిన్ని ఒక్కొక్కరి మొహం చూసింది, బస్సులో ఎవరైనా మిగిలారేమో చూసినట్టు. తర్వాత చెంచా తీసుకుని తినడం పూర్తి చేసింది.

ఆ రాత్రి ఇంటికెళ్ళాక వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. గట్టిగా ఏమీ జరగలేదనే అనుకుంటాను. కొన్నాళ్ళకి పిన్ని డిపో వాళ్ళని స్టాఫ్ క్వార్టర్స్‌లో గది అడిగింది. సొంత ఇల్లుండగా ఎందుకని అధికారి అడిగితే, పొద్దున షిఫ్టుకి దగ్గరగా ఉంటుందని చెప్పింది. చుట్టాలకీ అదే చెప్పింది. బాబాయే ఆటో మాట్లాడి సామాన్లు చేరవేశాడు. స్టవ్వు, మంచం, రెండు పెట్టెలు. అన్నీ తానే కట్టాడు, అడ్డంగా ఒక ముడి, నిలువుగా ఒక ముడి. "అద్దె కూడా లేదు, మంచి బేరం" అన్నాడు గది చూసి. పిన్ని అవునంది.

బాబాయి ఇప్పుడు ఏటా సీజను కాని రోజుల్లో షాపులో స్నేహితుడితో కలిసి ఓడెక్కుతాడు. పిన్ని రిటైరవడానికి ఇంకా కొంత సర్వీసు ఉంది. ఆవిడ క్వార్టర్స్‌లో, ఆయన ఇంట్లో ఉంటున్నారు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ మా ఇంటికొచ్చి భోంచేస్తారు.